ధ్రువచిత్రణ శాస్త్రం (గౌతమీ వ్యాఖ్యా సహితం)

1. అనుబంధ చతుష్టయం

అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగింటినీ నిర్ణయించనిదే శాస్త్రారంభం చేయరాదని పెద్దల శాసనం. ప్రస్తుత శాస్త్రానికి విషయం, ఒక కేంద్రం నుంచి ఇంత దూరాన, ఇంత కోణాన ఉన్నదని తెలిసిన పదార్థాన్ని కంప్యూటరు తెర మీద దాని స్థానంలోనే ప్రతిష్ఠించడం. అధికారి, ఇంటర్మీడియట్‌లో ధ్రువ నిరూపకాలు చదివి, పరీక్ష రాసి, ఫలితాలు వచ్చిన రోజే మరచి, కాలాంతరంలో ఉద్యోగవశాత్తు మళ్ళీ వాటి వాతపడిన ప్రతివాడూ. సంబంధం, దూరకోణాలకు పరస్పరం ఉన్నదే. ఒకటి లేనిదే రెండవది నిరర్థకం. ప్రయోజనం, వాన ఏ ఊరి మీద కురుస్తున్నదో ఆ ఊరి మీదే కురుస్తున్నట్టు చూపగలగడం. ఇది అల్పప్రయోజనమని శంకించేవారు మూడవ ప్రకరణం వరకు సంయమనం పాటించాలి.

శాస్త్రం యొక్క ప్రాచీనత గురించి రెండు మతాలున్నాయి. 1691లో జాకబ్ బెర్నూలీ ప్రకటించిన పత్రం వద్ద పాశ్చాత్యులు దీని చరిత్రను ఎత్తుకుంటారు. ద్రాక్షారామ భీమేశ్వరుని చుట్టూ ఎనిమిది దిక్కులా కోటిపల్లి, కోలంక, సోమేశ్వరం మొదలైన అష్ట సోమేశ్వరాలు వెలిసిన సంప్రదాయం వద్ద మనవారు ఎత్తుకుంటారు. కేంద్రం ఒకటి, దిక్కులు ఎనిమిది, దిక్కుకు ఒక క్షేత్రం. కోణం నియతం, దూరం అనియతం. దత్తాంశ సేకరణ ఇంత క్రమబద్ధంగా జరిగిన సందర్భం బెర్నూలీ పత్రంలో కానరాదు.

2. ధ్రువ నిర్ణయం

ధ్రువం లేనిదే ధ్రువచిత్రం లేదు. గోదావరీ మండలానికి ధ్రువం ఏది అన్న ప్రశ్నకు మూడు సంప్రదాయాలు మూడు సమాధానాలు చెబుతున్నాయి.

అందులో ధవళేశ్వర సంప్రదాయం బలిష్ఠం. అఖండంగా వచ్చిన నది గౌతమీ వసిష్ఠలుగా చీలేది అక్కడే. 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించినదీ అక్కడే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు నీరు తెచ్చుకునేదీ అక్కడి నుంచే. పైగా ధవళేశ్వరం నుంచి ఆకాశమార్గాన కొలిస్తే కాకినాడ, యానాం, అమలాపురం, భీమవరం నాలుగూ ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరంలోనే తేలతాయి. కాకినాడ నేరుగా తూర్పున, యానాం ఆగ్నేయానికి కొంచెం ఇవతల, అమలాపురం ఆగ్నేయానికి కొంచెం అవతల, భీమవరం దక్షిణం దాటి నైరుతి ముఖంగా నిలుస్తాయి. ఈ నాలుగు పట్టణాల మధ్య వ్యాసార్థ భేదం లేదు, కోణ భేదమే ఉంది. కనుక వీటిలో ఏది గొప్పదన్న లోకవివాదం శాస్త్రదృష్టిలో కేవలం కోణీయమైనది.

అయితే ఈ సంప్రదాయానికి ఒక పూర్వపక్షం ఉంది. ధ్రువం బిందువు, బిందువుకు పొడవు లేదు. ధవళేశ్వరం బ్యారేజీకి మూడున్నర కిలోమీటర్లకు పైగా పొడవుంది. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39, వెరసి 175 గేట్లు. వీటిలో ధ్రువం ఏ గేటు? సంఖ్యాబలాన్ని బట్టి డెబ్భై గేట్లవారిదే అని ఒక శాఖ. మధ్యమ న్యాయాన్ని బట్టి నడిమి గేటుదే అని మరొక శాఖ. నడిమిది 88వ గేటు. ఏ ఒడ్డు నుంచి లెక్కించినా అది ర్యాలి భాగంలోనే పడుతుంది. అంటే ధవళేశ్వరపు ధ్రువం ధవళేశ్వరంలో లేదని ధవళేశ్వరులే ఒప్పుకోవలసి వస్తుంది. వారు ఒప్పుకోలేదు. పైగా వైనతేయ పాయ ఈ ధ్రువం వద్ద పుట్టక, చాలా దిగువన వసిష్ఠను వీడి పోతుంది. దానికోసం ఉపధ్రువాన్ని కల్పించిన వ్యాఖ్యాతలూ లేకపోలేదు.

రెండవది గృహధ్రువ సంప్రదాయం. ఎవరి ఇల్లు వారికి ధ్రువం, శేషప్రపంచమంతా దానికి ఇంత దూరాన ఇంత కోణాన ఉన్నదే అని వీరి సిద్ధాంతం. “వాన ఎక్కడుందండీ?” అంటే “మా ఊరు ఇంకా రాలేదండీ” అని వీరి సమాధానం. “ఎటు నుంచి వస్తుందండీ?” అంటే “మా చెరువు వైపు నుంచండీ, ఆయ్” అంటారు. దూరం, కోణం, ధ్రువం మూడూ నిర్దుష్టంగా చెప్పబడినా, వినేవాడు వేరే ఇంటివాడు కావడం వల్ల మాత్రమే ఇందులో అస్పష్టత కలుగుతున్నది.

మూడవది యంత్రధ్రువ సంప్రదాయం: ఎక్కడ కొలిచే యంత్రం ఉన్నదో అదే ధ్రువం. ఈ మతం ప్రకారం కోనసీమ మేఘాలకు ధ్రువం మచిలీపట్నం. భారత వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ అక్కడ ఉంది. గోదావరి వానకు కృష్ణా జిల్లాలో కేంద్రం ఉండడం అభిమానవంతులకు కష్టమే. కానీ దత్తాంశం అభిమానాన్ని లెక్కచేయదు కనుక ఇకపై మచిలీపట్నాన్నే ధ్రువంగా గ్రహిస్తున్నాము.

3. శూన్యస్థాన వివాదం

ఇది శాస్త్రానికి గుండెకాయ. ధ్రువం స్థిరపడిన తరువాత సున్నా డిగ్రీలు ఎటు ఉండాలి, అక్కడి నుంచి కోణం ఎటు పెరగాలి అన్న రెండు ప్రశ్నల వద్ద లోకం రెండుగా చీలిపోయింది.

ప్రాచ్యులు సున్నాను తూర్పున పెడతారు, అక్కడి నుంచి అప్రదక్షిణంగా, అంటే తూర్పు నుంచి ఉత్తరానికి నడుస్తారు. వీరు గణితజ్ఞులు. ఔదీచ్యులు సున్నాను ఉత్తరాన పెడతారు, అక్కడి నుంచి ప్రదక్షిణంగా, అంటే ఉత్తరం నుంచి తూర్పుకు నడుస్తారు. వీరు నావికులు, సర్వేయర్లు, వాతావరణ శాస్త్రజ్ఞులు. దేవాలయం చుట్టూ అప్రదక్షిణంగా తిరగడం ఏ ఆచారంలోనూ లేదని, అది అపరకర్మలకే విహితమని ఔదీచ్యుల ఆక్షేపణ. సూర్యుడు ఉదయించేది తూర్పున గదా, ఆరంభం అక్కడ కాక మరెక్కడ అని ప్రాచ్యుల ప్రత్యాక్షేపణ. ఇద్దరి వాదనా నిర్దుష్టమే, అదే ఇబ్బంది.

రాడార్ ఔదీచ్యమతస్థురాలు. చిత్రించే సాఫ్ట్‌వేర్లు పుట్టుకతో ప్రాచ్యమతస్థులు. 2003లో జాన్ హంటర్ వెలువరించిన మ్యాట్‌ప్లాట్‌లిబ్, 1986 నాటి గ్నూప్లాట్, 2016లో పోలార్‌ప్లాట్ అనే కొత్త ఆజ్ఞను స్వీకరించిన మ్యాట్‌ల్యాబ్, ఇవన్నీ ఎవరూ ఏమీ చెప్పకపోతే సున్నాను తూర్పునే పెడతాయి, అప్రదక్షిణంగానే తిరుగుతాయి. ఒక మతస్థురాలి మాటను మరొక మతస్థుని చెవిన వేస్తే కలిగే ఫలితం ఎట్టిదో ఉదాహరణ పూర్వకంగా నిరూపిస్తాము.

మచిలీపట్నం రాడార్‌కు అమలాపురం ఉత్తరం నుంచి ప్రదక్షిణంగా 64 డిగ్రీల కోణాన, సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉంది. అక్కడ కుంభవృష్టి కురుస్తున్నది అనుకుందాం. ఈ 64నూ 100నూ యథాతథంగా ప్రాచ్య సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే అది తూర్పు నుంచి ఉత్తరానికి 64 డిగ్రీలు నడిచి, వానను తెచ్చి దేవరపల్లి దగ్గర కురిపిస్తుంది. కొబ్బరితోటల మీది వాన మెట్టప్రాంతపు పొగాకు మీద పడుతుంది. దేవరపల్లి రైతుకు అకాల హర్షం లేదా అకాల భయం, అమలాపురం రైతుకు ఆరుబయట ఆరబోసిన ధాన్యం. దీనికి ప్రథమ దోషమని, శూన్యదిగ్భ్రమ అని పేర్లు. (దేవరపల్లి మండలం 2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి మారిన మాట నిజమే కాని అది జిల్లాల పునర్విభజన చేసిన మార్పు, సాఫ్ట్‌వేర్‌కు అందులో పాత్ర లేదు.)

ప్రథమ దోషం తెలుసుకున్న వాడు తొందరపడి సున్నాను మాత్రం ఉత్తరానికి జరిపి, తిరిగే దిశను మార్చడం మరచిపోతాడు. ఇది అర్ధజ్ఞానం. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉత్తరం నుంచి 64 డిగ్రీలు పడమరకు నడుస్తుంది. అమలాపురం వాన అమరావతి దరిదాపుల్లో తేలుతుంది. ఆకాశం నుంచి కోనసీమకు రావలసినది రాజధానికి పోవడం ద్వితీయ దోషం, దీనికి ప్రతిబింబ దోషమని నామాంతరం. ప్రథమ దోషం కంటే ఇది గురుతరమని కొందరు, దూరం ఎక్కువ కావడం వల్లనే అలా తోస్తున్నదని కొందరు.

రెండింటికీ కలిపి చెప్పబడిన పరిహారం సూక్ష్మమైనది: మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో సున్నా స్థానాన్ని ‘ఎన్’ అనీ, దిశను ‘మైనస్ ఒకటి’ అనీ రెండు పంక్తులు వేర్వేరుగా ఉచ్చరించాలి. గ్నూప్లాట్ కొత్త రూపాల్లో ఒకే పంక్తిలో రెండూ చెప్పవచ్చు. ఒక్కటి చెప్పి రెండవది మనసులో అనుకుంటే ఫలం లేదు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ప్రథమ దోషంలో ఊళ్ళన్నీ ఈశాన్యరేఖకు అటూ ఇటూ తారుమారవుతాయి. ఆ రేఖ మీది ఊరు మాత్రం కదలదు. మచిలీపట్నం నుంచి చూస్తే పెరవలి ఇంచుమించు ఆ రేఖ మీదే ఉంది. ప్రాచ్యులు గీసినా ఔదీచ్యులు గీసినా పెరవలి వాన పెరవలిలోనే పడుతుంది. అందువల్ల ఈ వివాదంలో పెరవలివారి సాక్ష్యం చెల్లదు.

4. కోణమాన భేదం

కోణాన్ని డిగ్రీలలో చెప్పేవారు పూర్ణవృత్తాన్ని 360 భాగాలు చేస్తారు. రేడియన్లలో చెప్పేవారు 6.28 భాగాలు చేస్తారు, అది కూడా తెగని భిన్నంతో. రాడార్ డిగ్రీలు మాట్లాడుతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్, పోలార్‌ప్లాట్ రేడియన్లు అడుగుతాయి. అడిగేది రేడియన్లు గాని చక్రం చుట్టూ అంచున రాసి చూపేది డిగ్రీలు. లోపల ఒకటి, పైకి ఒకటి అయిన ఈ ప్రవర్తనను చూసి శిష్యులు మోసపోవడం సహజం.

డిగ్రీ సంఖ్యను రేడియన్ సంఖ్యగా అప్పగించడం తృతీయ దోషం. రాజమహేంద్రవరం మచిలీపట్నానికి 37 డిగ్రీల కోణాన ఉంది. 37ను రేడియన్లుగా గ్రహించిన యంత్రం ఐదు పూర్ణ ప్రదక్షిణలు చేసి, ఆరవది ముగియకముందే 320 డిగ్రీల వద్ద అలసి ఆగిపోతుంది. అంతట రాజమహేంద్రవరం ఖమ్మం జిల్లాలోని మధిర ప్రాంతానికి చేరి రాష్ట్రం మారుతుంది. అమలాపురపు 64 మాత్రం పది ప్రదక్షిణలు పూర్తి చేసి 67 డిగ్రీల వద్ద, అంటే దాదాపు తన ఇంటి ముందే, ఆగుతుంది. పది ప్రదక్షిణల పుణ్యం వల్లనే ఇలా జరిగిందనే ఒక పౌరాణిక వ్యాఖ్యానం ఉంది. దాన్ని మేము గ్రహించము, ఖండించము. కానీ అమలాపురం సరిగ్గా కనబడింది గదా అని తృతీయ దోషం లేదని నిశ్చయించుకోరాదు.

చతురస్ర నిరూపకాల నుంచి కోణం తీసేవారికి మరొక గండం. ప్రోగ్రామింగ్ భాషల్లో ఏటాన్‌టూ అనే ప్రమేయం ‘వై’ని ముందు, ‘ఎక్స్’ను తరువాత కోరుతుంది, ఎక్సెల్ ‘ఎక్స్’ను ముందు, ‘వై’ని తరువాత కోరుతుంది. రెండూ చదివినవాడు రెండింటిలోనూ తప్పుతాడు. ఫలితం ప్రథమ దోషమే. వాన మళ్ళీ దేవరపల్లికే.

5. సంధి ప్రకరణం

359 డిగ్రీల తరువాత 360 రాదు, సున్నా వస్తుంది. ఈ చిన్న సంగతి యంత్రానికి తెలియదు. 0 నుంచి 359 వరకు గడులు నింపి అక్కడితో ఆగుతుంది. చివరి కిరణానికీ మొదటి కిరణానికీ మధ్య ఒక తెల్లని చీలిక మిగిలిపోతుంది. కుట్టు విడిన విస్తరిలో చారు పోసినట్టు, ఆ చీలిక గుండా శాస్త్రజ్ఞుని గౌరవం కారిపోతుంది. పరిహారం పునరుక్తి: మొదటి నిలువు వరుసను తెచ్చి చివర మరొకసారి చేర్చాలి. పునరుక్తి కావ్యంలో దోషం, ధ్రువచిత్రంలో అలంకారం.

సంధిలోనే సగటు దోషం కూడా దాగి ఉంది. కాకినాడ తీరాన ఒక గంట 359 డిగ్రీల నుంచి, మరొక గంట 1 డిగ్రీ నుంచి గాలి వీచిందనుకుందాం. రెండూ శుద్ధమైన ఉత్తరపు గాలులు. వాటిని కూడి రెండుతో భాగిస్తే 180, అంటే దక్షిణపు గాలి, వస్తుంది. ఉత్తరమూ ఉత్తరమూ కలిసి దక్షిణం కావడం అద్వైతానికి కూడా అందని సిద్ధాంతం. కోణాలను నేరుగా కూడక, వాటి సైన్లనూ కొసైన్లనూ విడిగా సగటు చేసి మళ్ళీ కోణం తీయాలి. అప్పుడు మళ్ళీ ఏటాన్‌టూ వస్తుంది. నాలుగవ ప్రకరణం చూడండి.

గాలి విషయంలో ఆగమనవాదులు, గమనవాదులు అని మరో రెండు శాఖలున్నాయి. గాలి వచ్చే దిక్కే దాని దిక్కని పూర్వులు. పోయే దిక్కుకే బాణం గీయాలని ఉత్తరులు. ఒకే చిత్రంలో రెండు మతాలనూ సమన్వయించిన వారి చిత్రాల్లో సముద్రపు గాలి సముద్రంలోకే పోతుంది.

6. అరము, వైశాల్యము, వర్ణము

రాడార్ కిరణం వెడల్పు సుమారు ఒక డిగ్రీ. ధ్రువం దగ్గర ఒక డిగ్రీ వెంట్రుక వాసి. 100 కిలోమీటర్ల దూరాన అదే డిగ్రీ ఒకటిముప్పావు కిలోమీటర్లు. మచిలీపట్నం వీధులు విడివిడిగా, అమలాపురం పేటలు కలివిడిగా కనబడడానికి ఇది కారణం, పక్షపాతం కాదు. కొందరు ఈ గడులను సాఫీగా అద్ది అందంగా చేస్తారు. అందం వచ్చినచోట లేని వాన కూడా వస్తుందని గుర్తుంచుకోవాలి.

రేకల చిత్రాల్లో రేక పొడవు రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది. 1858లో ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధపు మరణాలను చిత్రించినప్పుడు సంఖ్యను పొడవులో గాక వైశాల్యంలో పెట్టింది. అప్పటి నుంచి పొడవువాదులు, వైశాల్యవాదులు వేర్వేరు పంక్తుల్లో కూర్చుంటున్నారు.

వర్ణాల గురించి అతివిస్తరం అనవసరం. ఇంద్రధనుస్సు రంగుల సంప్రదాయం దాదాపు అస్తమించింది. 2017లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ విరిడిస్ అనే నీలి–పచ్చ–పసుపు దీక్ష తీసుకుంది. రాడార్ చిత్రాల్లో మాత్రం పచ్చ స్వల్పం, ఎరుపు ప్రమాదం అన్న పూర్వాచారం కొనసాగుతున్నది.

7. చిత్రకుల భేదం

ఉత్తముడు గీయకముందే సున్నా ఎక్కడో, దిశ ఏదో, మానం ఏదో కాగితం మీద రాసుకుంటాడు. మధ్యముడు గీసిన తరువాత మ్యాప్ పక్కన పెట్టి పోల్చుకుంటాడు. అధముడు తెరను చూసి మెడను కుడికి తొంభై డిగ్రీలు వంచి, “ఇలా చూస్తే సరిపోయిందండీ” అంటాడు. ఈ మూడవదానికి గ్రీవాభ్రమణ సిద్ధి అని పేరు. దాని వల్ల ద్వితీయ దోషం పోదు. దానికి అద్దంలో చూడాలి. అద్దం ముందు మానిటర్ పెట్టినవారు అధమాధములని కాక, ప్రయోగశీలురని గౌరవించడం న్యాయం.

వీరుగాక మార్పిడివాదులని నాలుగవ వర్గం ఉంది. ప్యారావ్యూ వంటి సాఫ్ట్‌వేర్లలో కాల్క్యులేటర్ ఫిల్టర్ తెరిచి, దూరాన్ని కోణపు కొసైన్‌తో, సైన్‌తో గుణించి, ధ్రువ దత్తాంశాన్ని చతురస్ర దత్తాంశంగా మార్చి, ఆపై ధ్రువమన్న మాటే ఎత్తరు. వీరికి దోషాలు అంటవని ప్రతీతి. కొసైన్‌నూ సైన్‌నూ తారుమారు చేసినప్పుడు అంటుతాయి. ఔదీచ్య కోణానికి తారుమారే సరి, ప్రాచ్య కోణానికి తారుమారు తప్పు. ఇది తెలిసినవాడు మార్పిడి చేసుకోనక్కరలేదు, తెలియనివాడు చేసుకున్నా లాభం లేదు.

8. పరీక్షాస్థల నిర్ణయం

చిత్రం శుద్ధమో కాదో తేల్చడానికి తెలిసిన ఒక స్థలాన్ని గీసి చూడాలని శాస్త్రం. పెరవలి పనికిరాదు, ప్రథమ దోషంలో కదలదు. అమలాపురం పనికిరాదు, తృతీయ దోషాన్ని కప్పిపెడుతుంది. మూడు దోషాలనూ వేర్వేరుగా బయటపెట్టగల స్థలం కావాలి. అది వసిష్ఠ సాగరంలో కలిసే చోటు, లక్ష్మీనరసింహుని క్షేత్రం అంతర్వేది. మచిలీపట్నానికి 75 డిగ్రీల కోణాన, సుమారు 64 కిలోమీటర్ల దూరాన ఉంది. ప్రయోగవిధి ఇది:

అంతర్వేది భీమడోలు వైపు కనబడితే ప్రథమ దోషం. సున్నాను తూర్పు నుంచి ఉత్తరానికి జరిపి, దిశ మార్చాలి.

దుగ్గిరాల పసుపు మార్కెట్ దరిదాపుల్లో కనబడితే ద్వితీయ దోషం; దిశ మాత్రం మార్చాలి.

నూజివీడుకూ హనుమాన్ జంక్షన్‌కూ నడుమ కనబడితే తృతీయ దోషం. 75ను పైతో గుణించి 180తో భాగించి అప్పగించాలి.

గణపవరం వైపు కనబడితే ద్వితీయ తృతీయాల సాంకర్యం; రెండు పరిహారాలూ చేయాలి, ఏది ముందన్నదానిపై అభిప్రాయభేదం లేదు.

తీరం దాటి బంగాళాఖాతంలో, మచిలీపట్నానికి తూర్పు ఆగ్నేయంగా కనబడితే ప్రథమ తృతీయాలు కలిసి ఉన్నాయి. ప్రోగ్రాం మొదటి పంక్తి నుంచి పునశ్చరణ చేయాలి.

అంతర్వేది అంతర్వేదిలోనే కనబడితే, ఎవరో ముందే సరిదిద్దిన ఫైలు తెరిచారేమో చూసుకోవాలి.